పరకల పంపకం

ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక రాజ్యం రెండు ముక్కలైన కథ. ఇందుల అన్నదమ్ముల పంతం ఉంది. నేల మీద గీసిన సరిహద్దు ఉంది. ఆ సరిహద్దును దొంగచాటుగా దాటిన ఇద్దరు వీరులున్నరు. ఒంటి నిండ గాయాలతోని పోరాడిన ఏడుగురు యోధులున్నరు. చదివినోళ్లకు కండ్లల్ల నీళ్లు ఆగయి.

అంత సీన్ లేదు. ఆ ఏడుగురు యోధులు చేపలు. ఒక్కొక్కటి నా బొటనవేలంత. రాజ్యమంటే ఫలక్‌నుమా స్టేషన్ వెనుక గల్లీల మా ఇల్లు: ముందొక అర్ర, వెనుకొక అర్ర, నడుమ హాలు. ఇగ కండ్లల్ల నీళ్లంటరా, మా చిన్నమ్మ ఉల్లిగడ్డ కోస్తే ఇల్లంత వస్తుండె, గవే.

పోయిన వారం పన్ను నొప్పికి డాక్టర్ దగ్గరికి పోయిన. బయట కూసునేకాడ గోడ పొంటి ఒక గాజు తొట్టి. అందుల రెండే చేపలు. పసుపు ఒళ్లు, అడ్డంగ నల్ల పట్టీలు, రెక్కల కొసలకు ఎరుపు. టైగర్ బార్బులు. ఒకటి ఇంకొకదాని తోక ఎనుకనే పడి కొరుకుతున్నది. నాకు మనసున పట్టలేదు. కౌంటర్ల ఉన్న అమ్మాయి దగ్గరికి పోయి, "మేడం, వీటిని రెండే ఉంచొద్దు, గుంపుల ఉంచాలె. లేకుంటే ఒకదాన్నొకటి పీక్కుతింటయి" అన్న. ఆమె తల ఎత్తకుండనే "టోకెన్ నంబరెంత సార్" అన్నది. చెంప వాచి ఉన్న మనిషి ఎంత మంచి మాట చెప్పినా సగమే అర్థమైతది. వచ్చి కూసున్న. ఆ రెండిటిని చూసుకుంట మా ఏడిటిని యాది చేసుకున్న.

వాటిని మా ఇంటికి తెచ్చింది చిన్నాయన. అప్పుడు మాకందరికీ ఒక్కటే పొయ్యి. బాపు నల్లా నీళ్ల ఆఫీసుల వాల్వులు తిప్పేటాయన. బస్తీలకు బస్తీలకు నీళ్లు ఇడిసేది ఆయనే గానీ, మా ఇంటికి నీళ్లు ఎప్పుడొస్తయో ఆయనకు కూడ తెల్వకపోతుండె. చిన్నాయన లాడ్ బజార్ల గాజుల దుకాణంల పనిచేస్తుండె. మాపు ఇంటికొస్తే ఆయన అంగీకి లక్క కాలిన వాసన, పక్క దుకాణపాయన రుద్దిన అత్తరు వాసన, రెండు కలిసి వస్తుండె. చీకట్ల కూడ చిన్నాయన వచ్చిండని ముక్కుతోని చెప్పేటోళ్లం. వచ్చేటప్పుడు చేతుల ఏదో ఒకటి ఉండాలె ఆయనకు. ఒకనాడు ఉస్మానియా బిస్కెట్లు, ఒకనాడు అద్దాలు ఊడిపోయి అమ్ముడుపోని గాజులు. ఆ రోజు పాలిథిన్ సంచిల నీళ్లు, నీళ్లల్ల చేపలు.

చార్మినార్ ఎనుక పిట్టలు, చేపలు అమ్మే గల్లీ ఒకటుంటది. అక్కడ కొన్నడట. తర్వాత నేను కూడ ఆ గల్లీకి మస్తుసార్లు పోయిన. కోళ్ల ఈకలు, తడిసిన గింజలు, చిలకల రెట్ట, నడుమ ఎవరో ముట్టించిన ఊదుబత్తి. ఆ ఊదుబత్తి లేకపోతే వాసన కొంచెం నయముండేది.

నాయినమ్మ ఆ సంచిని లైటు కిందికి ఎత్తి చూసింది. "ఇవి పరకలే కదరా" అన్నది. "మా అమ్మగారి ఊర్ల వానలు పడితే గంపలకు గంపలు. చింతచిగురేసి వండుతుంటిమి."

"ఇవి తినేటియి కావమ్మా, చూసేటియి" అన్నడు చిన్నాయన.

"చూస్తే కడుపు నిండుతదా."

"మనసు నిండుతది."

"అట్లనా. అయితే రేపటి సంది నీకు టిఫిన్ కట్టుడు బంద్. దుకాణంల గాజులు చూస్కుంట కూసో."

చేపలమ్మిన దుకాణం చాచా చిన్నాయనకు ఒక మాట చెప్పిండట. "ఝుండ్ మే రక్నా మియా, అకేలా నక్కో." గుంపుల ఉంచాలె, ఒంటరిగ వద్దు అని. ఇంకో నాలుగు తీస్కోమని కూడ అన్నడట. బాపు నవ్విండు. "అమ్ముకునేటోడు ఎక్కువ తీస్కోమనక తక్కువ తీస్కోమంటడా" అన్నడు. అమ్మేటోడు అప్పుడప్పుడు నిజం కూడ చెప్తడని మా ఇంట్ల ఎవ్వరికీ నమ్మకం లేకుండె. చిన్నాయన తనే దుకాణంల పనిచేస్తుండె కాబట్టి ఆయనకు అస్సలే లేకుండె.

తొట్టి హాల్ల పెట్టినం, నాయినమ్మ పాత కుట్టు మిషన్ కాళ్ల మీద. మిషన్ ఎప్పుడో పోయింది, ఇనుప కాళ్లు, కింద తొక్కే పలక మిగిలినయి. చిన్నాయన బిడ్డ, అంటే మా చెల్లె, నాకంటే ఏడాది చిన్నది, నోరు మాత్రం నాకంటే పదేండ్లు పెద్దది. తొట్టి ముందు స్టూలేసుకొని కూసొని ఆ పలక తొక్కుతుండె. తొక్కితే చేపలు జోరుగ ఉరుకుతయని దానికి నమ్మకం. తొట్టి గడగడ వణికితే ఎవలైన ఉరుకుతరు.

నీళ్ల సంగతి బాపు తన మీదేసుకున్నడు. నల్లా నీళ్లను బకెట్ల పట్టి ఒక రోజంత ఉంచి, మందు వాసన పోయినంకనే తొట్టిల పోస్తుండె. "మనం కలిపిన మందు మనకు తెల్వదా" అంటుండె, ఊరందరి నీళ్లల్ల మందు తనే కలిపినట్టు. ఇంట్ల మనుషులు తాగే నీళ్లకు అంత మర్యాద ఎన్నడూ జరగలేదు.

పొద్దంత ఆ ఏడు చేపలకు ఒక్కటే పని. ఒకదాని ఎనుక ఒకటి ఉరుకుడు. ఒకటి మలిగితే అన్నీ మలుగుతయి. ఈ మూల నుంచి ఆ మూలకు పోయి, అక్కడేమీ లేదని తెలిసి, మళ్ల ఈ మూలకొస్తయి. ఎవలు ఎవల్ని తరుముతున్నరో తెల్వది, దెబ్బ మాత్రం ఎవలికీ తగలది. అన్నం తినేటప్పుడు అందరం వాటి ముందటనే కూసుంటుంటిమి. టీవీల ప్రకటనలొచ్చినప్పుడు చేపలు, చేపలు మూలకు పోయినప్పుడు టీవీ. ఒకసారి చెల్లె ఎవ్వరూ చూడకుండ అరచేతి నిండ ఉస్మానియా బిస్కెట్ పొడి వేసింది. తెల్లారేసరికి తొట్టి నీళ్లు ఇరానీ చాయ్ రంగుకొచ్చినయి. "పాపం, చాయ్ లేకుండ బిస్కెట్ ఎట్ల తింటయని వాటికవే చాయ్ కాచుకున్నయి" అన్న నేను. బాపు నా ఈపు మీద ఒకటిచ్చిండు. బిస్కెట్ వేసిన చెల్లెకు ఏం పడలేదు. మా ఇంట్ల నేరం కంటే దాని మీద జోకుకే శిక్ష ఎక్కువ.

ఆ ఎండకాలమే మా ఇల్లు వేరుపడ్డది.

ఎందుకు వేరుపడ్డరో ఇప్పటికీ ఎవ్వరూ సరిగ చెప్పలేరు. మా అమ్మ దగ్గర ఒక కారణముంది, చిన్నమ్మ దగ్గర ఇంకో కారణముంది. రెండిట్ల పప్పు ఉంది. పప్పుల ఉప్పెక్కువైందా, పప్పు మాడిందా, పప్పు ఎవరికి మిగల్లేదా అన్నకాడ వాళ్లిద్దరికీ లెక్క కలవది. అన్నదమ్ములు మాత్రం ఏమీ అనుకోలేదు. ఏమీ అనుకోకుండనే మాట్లాడుకునుడు మానేసిండ్రు.

పంచుడానికి తాత వచ్చిండు. తాతంటే నాయినమ్మ తమ్ముడు, బాపుకూ చిన్నాయనకూ మేనమామ. రైల్వే గూడ్సుల పనిచేసి రిటైరైండు. తూకంల ముల్లు ఇటో అటో వంగితే ఆ పూట అన్నం సహించని మనిషి. మా చుట్టాలల్ల ఎవలు వేరుపడ్డా ఆయన్నే పిలుస్తరు. ఆయన పంచినంక కూడ అన్నదమ్ములు కొట్టుకుంటరు గానీ, పంపకంల తప్పుందని మాత్రం ఎవ్వరూ అనరు.

ముందు అర్ర మాకు, వెనుక అర్ర చిన్నాయనోళ్లకు. హాలు సగం సగం. తాత సుద్దముక్కతోని హాలు నడుమ గీత గీసిండు. బోనాలు అయినంక మేస్త్రీ వచ్చి గోడ కడ్తడు, అప్పటిదాక అడ్డం నాయినమ్మ పాత చీర కట్టుకోండ్రి అన్నడు. ఫ్రిజ్ ఇటు, టీవీ అటు. గ్రైండర్ ఇటు, కుక్కర్లు అటు. చెంచాలు కూడ జంటలు జంటలుగ పరిచి పంచిండు. అన్నీ అయినంక బాపు మెల్లగ అడిగిండు.

"అమ్మ సంగతేంది మామా?"

"నెల ఇటు, నెల అటు" అన్నడు తాత. "అక్కా, నీదేమన్న మాటుందా?"

నాయినమ్మ గోడకానుకొని వక్క దంచుకుంటున్నది. "నాదేముంటది. చందమామ లెక్క తిరుగుమన్నవు, తిరుగుత. అమాస నాడు ఏ దిక్కు పండాలెనో అది కూడ చెప్పిపో."

తాత వినపడనట్టే చాయ్ అందుకున్నడు. అందుకున్నోడు తాగక, తొట్టి దిక్కు చూసిండు.

"ఇవెన్ని?"

తాత గ్లాసు కింద పెట్టి లెక్కపెట్టుడు షురూ చేసిండు. ఆరన్నడు, ఎనిమిదన్నడు, మళ్ల ఆరన్నడు. జీవితమంత గూడ్సు డబ్బాలు లెక్కపెట్టిన మనిషి. డబ్బాలు ఒక్క లైన్ల నిలబడ్తయి. చిట్టచివరికి చెల్లె "ఏడు తాతా" అంటే, "నేను గదే అంటున్న" అన్నడు.

"మూడు ఇటు, మూడు అటు. ఏడోది అక్కది. తల్లి భాగం."

"తొట్టి?" అన్నడు చిన్నాయన.

"తొట్టి పెద్దోనికి. గాలి మోటరు, లైటు, కింద రాళ్లు నీకు. అటూ ఇటూ విలువ సమానం."

"తొట్టి లేకుంటే మోటరు ఏం చేసుకుంటం తాతా?" అన్నది చెల్లె.

"నాయమంటే గట్లనే ఉంటది బిడ్డా" అని తాత చాయ్ తాగిండు.

అట్ల మా దిక్కు గాలి లేని తొట్టిల మూడు చేపలు. వాళ్ల దిక్కు బట్టలు నానవెట్టే ప్లాస్టిక్ టబ్బుల మూడు చేపలు, వాటికి మాత్రం బుడగలు, దీపం, రంగు రాళ్లు. నాయినమ్మ మొదటి నెల మా దిక్కే కాబట్టి ఆమె చేప కిటికీల స్టీలు చెంబుల. తొట్టిల కలుపుదామంటే అమ్మ ఒప్పుకోలేదు. "రేపు మాకు నాలుగున్నయంటరు. ఎందుకొచ్చిన లొల్లి" అన్నది.

కొన్ని రోజులు చేపలు ఊకెనే ఉన్నయి. తర్వాత షురూ అయింది. ఏడు ఉన్నప్పుడు ఆటలెక్క ఉన్న ఉరుకుడు, మూడైనంక ఆట కాలేదు. మా తొట్టిల ఒకటి పెద్దరికం పట్టింది. మిగిలిన రెండిటిని మూలకు తోసి, రెక్కలు కొరుకుడే పని. వాళ్ల టబ్బుల ఒకదాని తోక సగం పోయింది, కత్తెరతోని కత్తిరించినట్టు. చెంబుల ఉన్నదానికి కొరికేటోళ్లు ఎవ్వరూ లేరు. అది అడుగున ఒక పక్కకు నిలబడి, వేసిన మేత తినకుండ, పైకి చూసేది. చెంబుల నుంచి చూస్తే మా ఇంటి స్లాబు తప్ప కనపడేది ఏం లేదు. ఆ స్లాబు పెచ్చులూడింది. దానికి మనసు విరగకుండ ఎట్లుంటది.

నాయినమ్మ అన్నానికి కూసుంటే చెంబు పక్కన పెట్టుకుంటుండె. ఒకనాడు చెంబులకు తొంగిచూసి, "ఒక్కదాన్నే కూసోబెట్టి తినుమంటే ఎట్ల తింటది" అన్నది. ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అమ్మ చేతుల గరిటె ఆగింది. బాపు పళ్లెంలకు చూసుకుంట అన్నం కలుపుతనే ఉన్నడు. నాయినమ్మ మాత్రం ఆ పూట చారుతోని రెండోసారి అన్నం పెట్టించుకున్నది.

నాకూ చెల్లెకూ సమజైంది ఒక్కటే. ఇట్లనే ఉంటే బోనాల దాక ఒక్క చేప మిగలది.

"చాచా గుంపుల ఉంచమన్నడు కదా" అన్నది చెల్లె, చీర కింది నుంచి తల ఇటు పెట్టి. తల మా రాజ్యంల, ఒళ్లు వాళ్ల రాజ్యంల. "పెద్దబాపుకు చెప్పు."

"నువ్వు మీ నాయినకు చెప్పు."

"చెప్పిన. ముందు మీ పెద్దబాపును అడగమను అన్నడు."

"మా బాపు గదే అన్నడు."

"అయితే ఇగ ఎవ్వరినీ అడుగుడు లేదు. నువ్వు ఫికర్ చెయ్యకు" అని తల వెనక్కి తీసుకున్నది. చెల్లె ఫికర్ చెయ్యకు అన్నదంటే నేను ఫికర్ చేసేటోన్ని.

బడికి ఎండకాలం సెలవులే. మధ్యాహ్నం తిన్నంక అమ్మ ముందు అర్రల కునుకు తీస్తది. చిన్నమ్మ వెనుక అర్రల టీవీ పెద్దగ పెట్టుకొని, రాత్రి చూసిన సీరియలే మళ్ల చూస్తది. నాయినమ్మ హాల్ల మా దిక్కు మంచం మీద చీరకు ఈపు పెట్టి పండుకుంటది. ఆ టైముల చెల్లె చాయ్ గిన్నెల మూడు చేపలు తీసుకొని చీర కింది నుంచి జరుపుతుండె. ఎనుక మోటరు, దాని ఎనుక వైరు. తొట్టిల ఆరు చేపలు, పైన బుడగలు. కిటికీల చెంబు కూడ తెచ్చి వంచితే ఏడు.

మొదటిరోజు మేమిద్దరం ఊపిరి బిగబట్టి చూసినం. పెద్దరికం చేసే చేప ఒకసారి ఇద్దరిని తరిమింది, ఇంకోసారి నలుగురిని తరమబోయింది, ఇంతమందిని ఎక్కడ తరుముతమని ఇడిసిపెట్టింది. గుంపుల కలిసి తను కూడ ఉరుకుడు షురూ చేసింది. చెంబు చేప కిందికి పోయి, పైకొచ్చి, వేసిన మేత గుటుక్కున మింగింది. చెల్లె నా చెయ్యి గిచ్చింది, సంతోషానికి. నాకు నొప్పి లేసింది.

చిన్నమ్మ సీరియల్ అయ్యేలోపు మళ్ల జాలిగంటెతోని తీసి, మూడు అటు, మూడు ఇటు, ఒకటి చెంబుల. రోజూ గదే పని. ఆ చాయ్ గిన్నెలనే మాపు చాయ్ కాగుతుండె. తాగినోళ్లకు ఎవ్వరికీ ఏం కాలేదు, అందుకే నేను ఇప్పటిదాక ఈ మాట ఎత్తలేదు.

మా పథకంల ఒక్కటే లోటు. చేపలన్నీ ఒక్కతీరుగ ఉంటయి. మేము లెక్కే చూసినం, మొఖాలు చూడలేదు.

ఒకనాడు మాపు చీర అటు దిక్కు నుంచి చిన్నమ్మ గొంతు వచ్చింది. "అక్కా, జర టబ్బు కాడికి రా. తోక తెగినది మా దాన్ల ఉండాలె కదా. లేదు. మూడింటికి మూడు తోకలు నిండుగున్నయి."

"తోక మొలిచిందేమో. మంచిదే కదా" అన్నది అమ్మ.

"మొలిచుడు కాదు. అగో, మీ తొట్టిల ఉన్నది మా తోక తెగిన చేప. చీర సందుల నుంచి ఇక్కడికే కనపడుతున్నది."

"చేప నడిచొచ్చిందా మా ఇంటికి?"

"నడిచొచ్చిందో, నడిపించుకున్నరో."

"తోక తెగినదాన్ని తెచ్చుకొని తోక ఉన్నదాన్ని ఇచ్చినమా నీకు? అయితే నీకే లాభం కదనే."

చిన్నమ్మ ఒక్క నిమిషం ఆగింది. లెక్క ఆమెకు కూడ సమజైంది. అయినా లొల్లి షురూ చేసినంక లాభమొచ్చిందని ఆపితే ఏం మర్యాద. "లాభం నష్టం కాదక్కా. మాది మాకు కావాలె" అన్నది.

గంతల చిన్నాయన దుకాణం నుంచి వచ్చిండు, బాపు డ్యూటీ నుంచి వచ్చిండు. వేరుపడ్డంక అన్నదమ్ములు ఒకరి మొఖం ఒకరు చూసి అన్న మొదటి మాట, "మా తోక మీ దిక్కున్నదట" అని. బాపు "ఉంటే తీస్కపో" అన్నడు. "నువ్వే తీసియ్యి" అన్నడు చిన్నాయన. తీసుడెట్లనో ఇద్దరికీ తెల్వది. జాలిగంటె ఎక్కడుంటదో ఆ ఇంట్ల మా ఇద్దరికే తెలుసు.

మళ్ల తాతకు కబురు పోయింది. తెల్లారి పొద్దుగాలనే వచ్చిండు. అద్దాలు తుడుచుకొని, టార్చి పట్టుకొని, ముందు టబ్బు ముందట, తర్వాత తొట్టి ముందట గొంతుకూసున్నడు. ఏది ఎవలిదో పోల్చుకోవాలని మస్తు కోషిష్ చేసిండు. చేపలేమో టార్చి వెలుగుకు భయపడి మూలమూలకు ఉరికినయి. ఆయన జిందగీల ఒక సరుకు అట్ల ఎదురుతిరుగుడు గదే మొదలు. నేనూ చెల్లె చీరకు చెరో దిక్కు నిలబడ్డం. చీర కింది నుంచి దాని కాళ్లు కనపడుతున్నయి. ఒక కాలితోని ఇంకో కాలు గీకుకుంటున్నది. అబద్ధం తయారు చేసేటప్పుడు గట్లనే చేస్తది.

"ఇందుల ఎవలిదో చెయ్యి ఉన్నది" అన్నడు తాత లేస్కుంట. మోకాళ్లు పట్టినయి, సగంలనే ఆగిండు.

"నాదే" అన్నది నాయినమ్మ.

అందరం ఆమె దిక్కు మలిగినం. మంచం మీద కూసొని చెంబుకు మూత పెడుతున్నది.

"మధ్యాహ్నం పోరలు అన్నిటినీ ఒక్కకాడ కలుపుతుండ్రు. నేను పండుకున్ననని అనుకుంటరు. ఈ వయసుల పగలు నిద్దరెక్కడిది. నేను చూసి ఊకున్న. చెయ్యి వాళ్లదైతే కన్ను నాది. కలిపినప్పుడే ఇది నాలుగు గింజలు తింటున్నది. వేరు చేసి చంపుకునుడు మీకు నాయం లెక్కుంటే, ముందు నా భాగం నాకు ఇయ్యుండ్రి, నేను ఇష్టమొచ్చినకాడ పెట్టుకుంట."

"నీ భాగం ఒక్కటే కదక్కా" అన్నడు తాత.

"నా భాగం ఒక్కటే. కని పెంచింది రెండిటిని. తొట్టి ఎత్తుండ్రి."

"ఎక్కడ పెట్టాలె?"

"గీత మీద."

"గీత మీద గోడ కడ్తరమ్మా" అన్నడు బాపు.

"కట్టనియ్యి. తొట్టి కాడ గూడు ఇడిసి కట్టమను. దీపం పెట్టనీకి గోడల గూడు ఉంచుతరు, దేవునికి ఉంచుతరు. చేపలకు ఎందుకు ఉంచరు?"

తాత ఆలోచనల పడ్డడు. జేబుల నుంచి టేపు తీసిండు. తొట్టి వెడల్పు కొలిచి నడుమ సుద్దతోని చుక్క పెట్టిండు. ఆ చుక్కను గీత మీద పెడితే సరిగ్గ సరిపోతది. ఆయన మొఖం వికసించింది. అటు ఎంతో ఇటు అంతే. కానీ పంచేటోనికి ఒక అనుమానం ఉండాలె కదా. "అక్కా, చేపలన్నీ ఒక్కరి దిక్కే తిరిగితే?"

"అప్పుడు నువ్వొచ్చి తోలు" అన్నది నాయినమ్మ.

అన్నదమ్ములిద్దరూ తొట్టికి చెరో దిక్కు చెయ్యి వేసి ఎత్తిండ్రు. టబ్బుల మూడు, చెంబుల ఒకటి కూడ కలిపి తొట్టిల ఏడు చేపలు, సగం నీళ్లు. ఎత్తేటప్పుడు "మెల్లగ", "నీ దిక్కు వంగింది", "కాలు చూస్కో" అనుకున్నరు. ఇక్కడ సంగీతం వస్తే బాగుంటది గానీ, వచ్చింది చిన్నమ్మ గొంతు: "రాళ్లు మావి, మళ్ల మాకియ్యాలె."

బోనాలు అయినంక మేస్త్రీ వచ్చిండు. ఇటుకను నిలబెట్టి కట్టే సన్న గోడ. తొట్టి దానికంటే వెడల్పు, రెండు దిక్కులా బయటికి పొడుచుకొచ్చింది. మా దిక్కు మూలకు నా మోచెయ్యి ఎన్నిసార్లు తగిలిందో లెక్కలేదు. మేత వేసుడానికి తొట్టి మీద జానెడు సందు ఇడిసిండ్రు. ఆ సందుల నుంచి చిన్నమ్మ పోపు వాసన ఇటొస్తుండె, అమ్మ మాడబెట్టిన పాల వాసన అటు పోతుండె. చెల్లె లెక్కలు నోటికి చదువుతుంటే నేను ఇటు నుంచి తప్పులు చెప్తుంటి. మేత పొద్దుగాల మేము, మాపు వాళ్లు వెయ్యాలని ఒప్పందం. రెండు దిక్కులా రెండు పూటలా వేసిండ్రు. మా ఇంటి పంపకంల లాభపడ్డది చేపలొక్కటే. తోక తెగినదానికి తోక మళ్ల మొలిచింది, ముందుకంటే కొంచెం వంకరగ.

మాపు పూట తొట్టి లైటు వేస్తే, నీళ్లకు అవతల చిన్నాయన మొఖం కనపడుతుండె, ఆనపకాయంత పెద్దగ, అటూ ఇటూ సాగుకుంట. ఆయనకు ఇటు మా బాపు మొఖం గట్లనే కనపడుతుండవచ్చు. ఇద్దరూ చేపలనే చూస్తుండ్రి. ఒకనాడు బాపు, "మోటరు సప్పుడు మారింది" అన్నడు. అవతల నుంచి "చూస్త" అని వచ్చింది. అంతే. దీనితోని అన్నదమ్ములు కలిసిపోయిండ్రని మీరనుకుంటే మీ ఇష్టం, వాళ్లయితే కలవలేదు. ఆ ఏడాది బోనం రెండు కుండలే అయింది, మరుసటేడు కూడ రెండే. వాళ్లు మాట్లాడుకునేది చేపల గురించే. కాకుంటే చేపల గురించి రోజూ ఏదో ఒకటి మాట్లాడాల్సొస్తుండె.

నేను కాలేజీకి పోయే రోజులల్ల ఒకసారి నాయినమ్మను అడిగిన. "నువ్వు లేకుంటే ఆ చేపలు బతకకపోతుండె కదనే. అంత ఉపాయం ఎట్లొచ్చింది నీకు?"

వక్క బుగ్గకు జరుపుకున్నది. "ఏం ఉపాయంరా. టీవీ అటు పోయింది. చీర ఉన్నన్ని రోజులు సీరియల్ మాటలు వినొస్తుండె. గోడ కడితే నెలంత ఇక్కడ పండుకొని నేనేం వినాలె, మీ బాపు గురకనా?"

"మరి చెంబు చేప తింటలేదని కండ్లల్ల నీళ్లు పెట్టుకుంటివి కదా?"

"అది కూడ నిజమే" అన్నది.

ఆ రెండిట్ల ఏది ఎక్కువ నిజమో నేను అడగలేదు. తాత ఉంటే టేపు పెట్టి కొలిచేటోడు.

నాయినమ్మ పోయింది. తాత కూడ పోయిండు. చేపలు అంతకు ముందే ముసలివై ఒక్కొక్కటే పోయినయి, ఏదీ ఇంకొకదాన్ని కొరికి మాత్రం కాదు. చివరికి రెండే మిగిలినప్పుడు చిన్నాయన ఎవ్వరినీ అడగకుండ పోయి ఇంకో ఐదు తెచ్చిండు. బాపు వాటికి నీళ్లు పట్టి ఉంచిండు. అవి కూడ పోయినంక మళ్ల తెచ్చుడు కాలేదు. లాడ్ బజార్ దుకాణం మానేసినంక చిన్నాయన అటు దిక్కు పోవుడు తగ్గింది.

పన్ను పీకించుకొని ఇంటికొచ్చి, అత్తగారింట్ల ఉండే చెల్లెకు ఫోన్ చేసిన. నోట్ల దూది ఉండె. డాక్టర్ దగ్గర చూసిన రెండు చేపల సంగతి చెప్పిన.

"రెండేనా?" అన్నది. "పాపం. చెప్పలేకపోయినవా వాళ్లకు?"

"చెప్పిన. టోకెన్ నంబర్ అడిగిండ్రు."

"నువ్వు చెప్పే తీరు గట్లుంటది" అన్నది. మళ్ల తనే అడిగింది: "అన్నా, ఆ గూటిని మూయిద్దామని మా నాయిన అంటున్నడా ఇంకా?"

అంటలేడు. తొట్టి తీసేసినంక ఆ గూట్ల వైఫై డబ్బా పెట్టినం. ఇంకెక్కడ పెట్టినా ఒక దిక్కు ఇనుప బీరువా అడ్డమొస్తది. అక్కడైతే రెండు ఇండ్లకూ సిగ్నల్ సరిగ్గ అందుతది.